ప్రేమకథను సాక్షి బోనెక్కించకండి

గోల్కొండ దర్బారులో నాలుగు వందల ఏళ్ల క్రితం పుట్టిన ఒక ప్రేమకావ్యం గురించి ఈ శుక్రవారం కొంత ముచ్చటించుకుందాం. దాని పేరు ‘కుతుబ్ ముష్తరీ’. రాసినవాడు ముల్లా వజ్‌హీ. హిజ్రీ 1018లో, అంటే క్రీ.శ. 1609లో, హైదరాబాదు నగర నిర్మాత సుల్తాన్ ముహమ్మద్ కులీ కుతుబ్ షా బతికి ఉండగానే, ఆయన్నే కథానాయకుడిగా నిలిపి దక్కనీ ఉర్దూలో రాసిన మస్నవీ ఇది. మస్నవీ అంటే ద్విపదల్లో సాగే పెద్ద కథాకావ్యమని తెలుగు పాఠకులకు చెబితే సరిపోతుంది.

ఈ కావ్యాన్ని చదివినవారు బహు తక్కువ. దాన్ని గురించి తగాదా పడేవారు మాత్రం బోలెడంత మంది. ‘ఇందులోని ముష్తరీయే భాగమతి, ఆమె పేరు మీదనే భాగ్యనగరం వెలిసింది’ అని కొందరు అంటారు. ‘భాగమతి అనే మనిషే లేదు, ఇదంతా కట్టుకథ’ అని మరికొందరు అంటారు. ‘సుల్తానుకు ఒక నాట్యకత్తెను అంటగడతారా?’ అని కోపగించుకునేవారు ఉన్నారు. ‘హిందూ ముస్లిముల స్నేహానికి ఇంతకంటే గుర్తు ఏం కావాలి?’ అని మురిసిపోయేవారు ఉన్నారు. ‘ఇష్క్ కథలు ఇంట్లో పిల్లల చేత చదివించడమేమిటి మౌల్వీ సాబ్?’ అని అడిగే పెద్దలూ ఉన్నారు.

ఇది పండితుల మధ్య మాత్రమే నడిచే చర్చ అయితే దానికి ఇంత చోటు అక్కరలేదు. కాని 2020లో హైదరాబాదు నగరపాలక సంస్థ ఎన్నికల సభల్లో ఊరి పేరు మార్చాలన్న మాట గట్టిగా వినిపించింది. అప్పటి నుంచి భాగమతి పేరు కాలేజీ పిల్లల నోళ్లలో కూడా వాదానికి పనిముట్టు అయిపోయింది. ఒకడు ఆ కథను పట్టుకొని ‘మీ ఊరు అసలు మాది’ అంటాడు. ఇంకొకడు అదే కథను తోసేసి ‘మీ మాటకు ఆధారమే లేదు’ అంటాడు. ఇద్దరిలో ఒక్కడు కూడా వజ్‌హీ కావ్యాన్ని కళ్లారా చూసి ఉండడు. కనుక ఇది మన ఇళ్లలో కూర్చొని నిదానంగా ఆలోచించుకోవలసిన సంగతి.

కథ ఏమిటి?

ముందు కథ విందాం. గోల్కొండ సుల్తాన్ ఇబ్రాహీం కుతుబ్ షా కొడుకు ముహమ్మద్ కులీ. ఆ రాకుమారుడు ఒక రాత్రి కలలో ఒక అందగత్తెను చూసి మనసు పారేసుకుంటాడు. అన్నం సహించదు, నిద్ర పట్టదు. తండ్రి ఎన్ని ఉపాయాలు చేసినా ఫలితం ఉండదు. అప్పుడు దేశదేశాలు తిరిగిన ఉతారిద్ అనే చిత్రకారుడు వచ్చి, కలలోని ఆ రూపం బెంగాలు దేశపు రాకుమారి ముష్తరీదని చెబుతాడు. ఇద్దరూ ప్రయాణమవుతారు. దారిలో కొండచిలువ లాంటి మహాసర్పం అడ్డు తగులుతుంది, రాక్షసుడు ఎదురవుతాడు. ఆ రాక్షసుడి చెరలో మిర్రీఖ్ ఖాన్ అనే మరో రాకుమారుడు ఉంటాడు. అతడు ముష్తరీ చెల్లెలు జొహ్రాను వలచి ఇల్లు విడిచినవాడు. అతడిని విడిపించి వెంట తీసుకుపోతారు. మధ్యలో మహ్‌తాబ్ అనే పరీ ఆతిథ్యం ఇస్తుంది. ఉతారిద్ ముందుగా బెంగాలు చేరి, ముష్తరీ మహలు గోడల మీద బొమ్మలు వేస్తూ వాటి నడుమ ముహమ్మద్ కులీ బొమ్మను కూడా వేస్తాడు. ఆ బొమ్మను చూసి ముష్తరీ కూడా మనసిస్తుంది. చివరికి ఇద్దరూ కలుస్తారు, దక్కనుకు తిరిగి వస్తారు, పెళ్లి జరుగుతుంది.

ఇంతే కథ. ఇందులో చార్మినార్ లేదు, మూసీ నది వరద లేదు, చించలం గ్రామం లేదు, భాగమతి అన్న పేరు లేదు. గోల్కొండ కోట గైడ్లు యాత్రికులకు చెప్పే కథ వేరు, వజ్‌హీ రాసిన కథ వేరు. మన పిల్లలు మొదట తెలుసుకోవలసిన విషయం ఇదే.

ఇద్దరు పెద్దల రెండు మాటలు

అలాంటప్పుడు ఈ రెండు కథలూ ఎలా ముడిపడ్డాయి? ఆ ముడి వేసినవారిలో ముఖ్యులు సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గారు. దక్కనీ సాహిత్యానికి ఆయన చేసిన సేవ సామాన్యమైనది కాదు. హైదరాబాదులో ఇదారె అదబియాతె ఉర్దూను స్థాపించారు. ముహమ్మద్ కులీ కవితల సంపుటి ‘కుల్లియాత్’ను పరిష్కరించి 1940లో వెలువరించారు. ఆ కవితల్లో సుల్తాను తన ప్రియురాళ్ల పేర్లు ఎన్నో చెప్పుకున్నాడు. నన్హీ, సాఁవ్లీ, గోరీ, ఛబీలీ వంటి ముద్దు పేర్ల మధ్య ముష్తరీ అన్న పేరు ఉంది, హైదర్ మహల్ అన్న పేరూ ఉంది. జోర్ సాహెబ్ ఈ పేర్లను వజ్‌హీ కావ్యంతోనూ, పాత చరిత్రకారులు చెప్పిన భాగమతితోనూ జతపరిచి చూశారు. ఆమె నిజంగా ఉన్నదని, కావ్యంలో ఆమెనే మరుగుపరచి చెప్పారని ఆయన అభిప్రాయం. తరువాతి కాలంలో నరేంద్ర లూథర్ గారు కూడా భాగమతి వాస్తవమేనని వాదించారు.

దీనికి ఎదురు నిలిచినవారు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించిన ఆచార్య హారూన్ ఖాన్ షేర్వానీ గారు. 1967లో ముహమ్మద్ కులీ మీద వెలువరించిన గ్రంథంలో ఆయన భాగమతి కథ నిలవదన్నారు. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర ప్రేమామతి, తారామతి పేర్లతో సమాధులు ఉన్నాయి కదా, మహారాణి అనిపించుకున్న భాగమతికి సమాధి ఎక్కడ? భాగ్యనగరం అన్న పేరుతో వేసిన కుతుబ్ షాహీ నాణెం ఏది? ఆ పేరున్న శాసనం ఏది? ఇవీ ఆయన ప్రశ్నలు. రాకుమారుడు ప్రియురాలి కోసం పొంగుతున్న మూసీలో గుర్రాన్ని దూకించాడని, అది విని తండ్రి వంతెన కట్టించాడని చెబుతారు. కాని పురానా పుల్ పూర్తయింది 1578లో. ముహమ్మద్ కులీ పుట్టింది 1565లో. అంటే వంతెన కట్టేనాటికి అతడికి పదమూడేళ్లు. పదమూడేళ్ల పిల్లవాడి ప్రేమ కోసం నదికి వంతెన కట్టారంటే నమ్మడం కష్టమని ఎవరైనా ఒప్పుకోవలసిందే.

గమనించండి, ఇద్దరూ హైదరాబాదీలుగా పేరు తెచ్చుకున్నవారే, ఇద్దరూ ముస్లిములే, ఇద్దరూ ఉర్దూ, పారశీకాలు ఎరిగినవారే. ఒకరు సాహిత్యం వైపు నుంచి చూశారు, మరొకరు చరిత్ర వైపు నుంచి చూశారు. ఈ తగాదాను మతాల మధ్య తగాదాగా చూపేవారికి ఈ ఒక్క సంగతి చాలు. మన పెద్దల్లోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి, రెండూ మర్యాదగానే సాగాయి.

సాక్ష్యాన్ని తూచే పద్ధతి

మదరసాలో చదివినవారికి ఒక అలవాటు ఉంటుంది. ఏ మాట విన్నా ‘ఎవరు చెప్పారు? ఆయన ఎవరి దగ్గర విన్నాడు? అక్కడ ఉన్నాడా? నమ్మదగినవాడా?’ అని అడుగుతారు. దీన్నే సనద్ అంటారు. హదీసు పండితులు ఈ పద్ధతిని ఒక శాస్త్రంగా తీర్చిదిద్దారు. ఎవరైనా వార్త తెస్తే ముందు విచారించమన్న ఆదేశం దివ్యఖుర్‌ఆన్ హుజురాత్ సూరాలో ఉంది. అదే తక్కెడలో భాగమతి కథను కూడా తూచి చూద్దాం.

ఆమె పేరు చెప్పిన తొలి వారిలో ఫైజీ ఒకడు. ఆయన అక్బరు ఆస్థాన కవి, అబుల్ ఫజల్ అన్న. 1591లో అక్బరు రాయబారిగా దక్కనుకు వచ్చి, ఇక్కడి సంగతులు పాదుషాకు రాసి పంపాడు. సమకాలికుడు కనుక ఆయన మాటను ఊరికే తోసిపుచ్చలేము. కాని ఆయన రాయబారం ఖాందేష్, అహ్మద్‌నగర్ దర్బారులకు, గోల్కొండకు కాదు. పైగా దక్కను మీద కన్నేసిన మొగల్ దర్బారు మనిషి. ఇక్కడి సుల్తానును చులకన చేసి రాస్తే ఆయన యజమానికి ఇంపుగానే ఉంటుంది. ఫరిష్తా కూడా ముహమ్మద్ కులీ కాలం వాడే. నగరానికి ముందు ప్రియురాలి పేరు పెట్టారని, తరువాత సుల్తాను మనసు మార్చుకొని హైదరాబాదు అని పేరు మార్చాడని ఆయన రాశాడు. ఆయన కొలువు బీజాపూరులో.

ఇక గోల్కొండ దర్బారులోనే రాసిన చరిత్ర ఏమంటున్నది? ముహమ్మద్ కులీ తరువాత ఆయన సోదరుని కుమారుడు, అల్లుడు అయిన సుల్తాన్ ముహమ్మద్ గద్దెనెక్కాడు. ఆ కాలంలో 1617 ప్రాంతంలో పూర్తయిన కుతుబ్ షాహీ చరిత్రలో భాగమతి ప్రస్తావన లేదు. దగ్గర ఉన్నవాడు మౌనం వహించాడు, దూరంగా ఉన్నవారు మాట్లాడారు. అయితే ఇక్కడ కూడా తొందరపడకూడదు. దర్బారు చరిత్రకారుడు రాజుగారింటి సంగతులు కావాలనే దాటవేసి ఉండవచ్చు. మౌనం ఒక మనిషి లేదనడానికి రుజువు కాదు.

ఇంకొన్ని దశాబ్దాలు గడిచాయి. ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే గోల్కొండకు వచ్చి, ఈ ఊరు ఒక రాణి కోరిక మీద కట్టారని రాశాడు. కాని ఆ రాణి పేరు ‘నగర్’ అన్నాడు. ఊరిపేరును తోటల పేరుతో కలిపి వివరించాడు. చూడండి, నోటి నుంచి నోటికి పోయే కథ ఎలా రూపు మారుతుందో! ఒకరి దగ్గర భాగమతి, మరొకరి దగ్గర నగర్, ఇంకొకరి దగ్గర తోట. ఇవన్నీ కలిపి తూచితే తేలేది ఒకటే. ముహమ్మద్ కులీ జీవించి ఉన్న రోజుల్లోనే ఇలాంటి మాట దక్కనులో చెలామణిలో ఉండేది. అంతవరకు నిశ్చయంగా చెప్పవచ్చు. ఆ మాట వెనుక ఉన్న మనిషి ఎవరో, ఏమిటో రుజువు చేసే సాక్ష్యం లేదు. ఇటు ‘ఉన్నది’ అని ఒట్టు పెట్టేవారు, అటు ‘లేనే లేదు’ అని ఒట్టు పెట్టేవారు ఇద్దరూ తమ దగ్గర ఉన్న సాక్ష్యం కంటే ఎక్కువ మాట్లాడుతున్నారు.

కవి ఉద్దేశం ఏమిటి?

ఇప్పుడు వజ్‌హీ దగ్గరికి వద్దాం. అతడిని సాక్షిగా పిలవవచ్చా? అతడు దర్బారులోనే ఉన్నాడు, సుల్తానును రోజూ చూసినవాడు. కనుక అతని మాటకు బరువు ఉండాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. కాని అతడు మనకు చరిత్ర చెబుతున్నానని ఎక్కడ మాట ఇచ్చాడు? కావ్యంలోని పేర్లను ఒక్కసారి చూడండి. ముష్తరీ అంటే గురుగ్రహం. జొహ్రా అంటే శుక్రుడు. మిర్రీఖ్ అంటే కుజుడు. ఉతారిద్ అంటే బుధుడు. మహ్‌తాబ్ అంటే చంద్రుడు. ఇక కుతుబ్ అంటే ఏమిటి? కదలకుండా నిలిచే ధ్రువం. అంటే వజ్‌హీ తన సుల్తాను ఇంటిపేరును ధ్రువతారగా చేసి, ఆకాశంలోని గ్రహాలన్నిటినీ ఆయన చుట్టూ తిప్పాడు. ఎంత చక్కటి ఊహ! ముష్తరీని జ్యోతిష్యులు సాదె అక్బర్ అంటారు, అంటే మహా శుభగ్రహం. అందరికంటే గొప్ప సుల్తానుకు అన్నిటికంటే శుభమైన గ్రహాన్ని జోడీ చేశాడు. ఆ పేరు పుట్టింది ఈ అమరిక నుంచి. దాని వెనుక ఒక నిజమైన స్త్రీ ఉండి తీరాలన్న నియమం లేదు. శుభగ్రహం అనే అర్థం ‘భాగ్యం’ అన్న మాటకు దగ్గరగా ఉంది కదా అని జోర్ సాహెబ్ పక్షం వారు అనవచ్చు. అనవచ్చు, కాని అది ఊహ మీద ఊహ.

ఇంకో మాట. ముహమ్మద్ కులీ గద్దెనెక్కింది 1580లో, పదిహేనేళ్ల వయసులో. రాకుమారుడిగా బెంగాలు దాకా పోయి వధువును తెచ్చుకునేంత కాలం అతని జీవితంలో ఎక్కడుంది? ఈ సంగతి కావ్యాన్ని మొదట విన్న దర్బారు వారందరికీ తెలుసు. నలభై నాలుగేళ్ల సుల్తానుకైతే మరీ బాగా తెలుసు. తాను చేయని ప్రయాణాన్ని, తాను చంపని రాక్షసుణ్ణి కవి నోట విని ఆయన ఆనందించి ఉంటాడు గాని, ‘ఇది అబద్ధం’ అని కవిని దండించలేదు. మొదటి పాఠకుడికి లేని అనుమానం నాలుగు వందల ఏళ్ల తరువాత మనకెందుకు?

అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ గుర్తు చేసుకోండి. ముహమ్మద్ కులీ తండ్రి ఇబ్రాహీం కుతుబ్ షాను తెలుగు కవులు ముద్దుగా మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. ఆయనకే ఆ తెలుగు కావ్యం అంకితమైంది. సంవరణుడనే రాజు సూర్యుని కూతురు తపతిని ప్రేమించి పెళ్లాడిన భారతకథ అది. అదే దర్బారులో, ఒక తరం ముందు, తెలుగులో ఒక రాజు సూర్యుని కూతుర్ని పెళ్లాడాడు. ఒక తరం తరువాత దక్కనీలో ఒక రాజు గురుగ్రహాన్ని పెళ్లాడాడు. తపతి గోల్కొండలో ఏ వీధిలో ఉండేదని ఎవరూ అడగలేదు. ఆమె సమాధి ఎక్కడ అని ఎవరూ వెతకలేదు. ముష్తరీని మాత్రం ఎందుకు బోనెక్కిస్తున్నాం?

వజ్‌హీ తన కావ్యం మొదట్లోనే తానేం కోరుకుంటున్నాడో చెప్పుకున్నాడు. దేవుని స్తుతి, ప్రవక్త (స) స్తుతి అయిన తరువాత, మంచి కవిత్వం అంటే ఏమిటో ప్రత్యేకంగా ఒక భాగం రాశాడు. మాటకు మాటకు పొంతన ఉండాలని, సులువుగా అర్థం కావాలని, అర్థానికి తగిన మాటే వాడాలని, పేలవంగా ఎన్నో చెప్పడం కంటే చక్కగా ఒక్కటి చెప్పడం మేలని అతని అభిప్రాయం. కావ్యాన్ని పన్నెండు రోజుల్లో పూర్తి చేశానని గర్వంగా చెప్పుకున్నాడు. అతని గర్వమంతా పనితనం మీదనే. నన్ను ఈ కొలతతో కొలవండి అని కవి కోరుతుంటే, మనం వేరే కొలబద్ద తెచ్చి కొలవడం న్యాయమేనా?

ఇష్క్ కథలు ఇంట్లో చదవవచ్చా?

పెద్దల అభ్యంతరాన్ని కూడా తేలిగ్గా తీసివేయలేము. మస్నవీలో శృంగార వర్ణనలు ఉన్న మాట నిజం. ముహమ్మద్ కులీ స్వయంగా రాసిన కవితల్లో మరీ ఎక్కువ. పదేళ్ల పిల్లవాడి చేతికి అన్నీ ఇవ్వమని నేను అనను. ఏ వయసుకు ఏది తగునో తల్లిదండ్రులే చూసుకోవాలి.

కాని ‘ఇష్క్ కథ కనుక నిషిద్ధం’ అనేవారు మన పాత చదువులను మరచిపోతున్నారు. ఒకప్పుడు మక్తబుల్లో పారశీకం నేర్పేటప్పుడు షేక్ సాదీ ‘గులిస్తాన్’ చెప్పేవారు. అందులో ప్రేమ, యౌవనాల గురించి ఒక అధ్యాయమే ఉంది. మౌలానా జామీ ‘యూసుఫ్ జులేఖా’ చదివించేవారు. దివ్యఖుర్‌ఆన్‌లో హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) గాథ ఉంది. కాని అజీజు భార్య పేరు అక్కడ లేదు. కవులు ఆమెను జులేఖా అని పిలిచి, పెద్ద ప్రేమకావ్యాలు అల్లారు. మన ఉలమాలు ఆ కావ్యాలను తగలబెట్టలేదు, అలాగని వాటిని తఫ్సీరు అనీ అనుకోలేదు. ఇది అల్లాహ్ వాక్కు, ఇది కవి ఊహ అని గీత గీసి, రెండిటినీ వాటి వాటి చోట పెట్టారు. ఈ వివేకమే మనకు కావలసింది. యూసుఫ్ (అలైహిస్సలాం) గాథ విషయంలోనే ఈ తేడా పాటించిన సముదాయం, ఒక సుల్తాను కథ విషయంలో పాటించలేదా?

ఒక స్త్రీ పరువు సంగతి

ఈ చర్చల్లో అందరూ మరచిపోయే విషయం ఒకటి ఉంది. నన్ను ఎక్కువగా బాధించేది కూడా అదే. భాగమతి ఉన్నదనేవారు ఆమెను నాట్యకత్తె అంటారు, వేశ్య అంటారు. ఫైజీ ఉత్తరంలోనే ఆమెను నీచమైన మాటతో ప్రస్తావించాడు. ఆమె లేదనేవారిలో కొందరు, ‘అలాంటి ఆడది మన సుల్తాను ఇంట్లోనా?’ అని చీదరించుకుంటారు. నగరం పేరు కోసం పోట్లాడే ఇరుపక్షాలూ ఒక స్త్రీ శీలాన్ని నడివీధిలో పెట్టి మాట్లాడుతున్నాయి.

ఆమె లేకపోతే లేని మనిషిని తిట్టడం వ్యర్థం. ఉన్నట్లయితే ఆమె ఒకరి కూతురు, ఒకరి ఇల్లాలు. స్త్రీ శీలం మీద నింద వేసేవాడు నలుగురు సాక్షులను తేవాలని, తేలేకపోతే వాడే శిక్షార్హుడని మన ధర్మశాస్త్రం చెబుతున్నది. చనిపోయినవారి గురించి చెడుగా మాట్లాడవద్దని కూడా మనకు నేర్పారు. మరి నాలుగు వందల ఏళ్ల క్రితం గడిచిపోయిన స్త్రీ గురించి, ఒక పరాయి రాయబారి ఉత్తరం ఒక్కటి పట్టుకొని, మన ఇళ్లలో ఆడపిల్లల ముందు ఎలా మాట్లాడుతున్నాం? నా వద్ద ఉర్దూ నేర్చుకున్న ఒక అమ్మాయి అడిగింది: ‘ఉస్తాద్, ఆమె పేరుతో ఊరుంటే గొప్ప అంటారు, ఆమెను మాత్రం ఒక్క మంచి మాట అనరేం?’ దీనికి జవాబు పెద్దలు చెప్పాలి.

మరి ఏం చేయాలి?

హైదరాబాదు పేరు హజ్రత్ అలీ (రజి) బిరుదైన హైదర్ నుంచి వచ్చిందని షేర్వానీ గారు చెప్పారు. కుతుబ్ షాహీలు షియాలు కనుక ఆ మాట సహజంగానే ఉంది. కుతుబ్ షాహీ నాణేల మీద కూడా హైదరాబాదు పేరే కనిపిస్తుంది. ఊరి పేరు మీద వాదం వస్తే నాణేలు, శాసనాలు, ఫర్మానాలు మాట్లాడాలి. ప్రేమకావ్యం మాట్లాడకూడదు. మనకు అనుకూలమైనప్పుడు మాత్రం ‘అదిగో మన సుల్తాను ఎంత ఉదారుడో!’ అని అదే కావ్యాన్ని ఎత్తి చూపడం కూడా సరికాదు. గోల్కొండలో మతసామరస్యం ఉండేదని చెప్పడానికి భాగమతి అక్కరలేదు. మల్కిభరాముడికి అంకితమైన తెలుగు కావ్యం ఉంది. ఆయన కొలువులోని అమీన్ ఖాన్‌కు పొన్నెగంటి తెలగన్న అంకితమిచ్చిన ‘యయాతి చరిత్ర’ అనే అచ్చతెలుగు కావ్యం ఉంది. అవి చేతికందే రుజువులు.

‘కుతుబ్ ముష్తరీ’ని చదవమని నేను చెప్పేది మరో కారణంతో. మన ఇళ్లలో నానీలు, దాదీలు మాట్లాడే భాషను చూసి లక్నో, ఢిల్లీ ఉర్దూ వచ్చినవారు నవ్వుతారు. ‘నక్కో’, ‘హౌ’ అంటే పిల్లలు సిగ్గుపడతారు. ఉర్దూ లిపి రాని తెలుగు ముస్లిం పిల్లలకు ఆ సిగ్గు రెండింతలు. కాని వజ్‌హీ రాసింది ఆ దక్కనీలోనే. ఢిల్లీలో ఉర్దూ గజల్ వర్ధిల్లడానికి నూరేళ్ల ముందే ఇక్కడ గోల్కొండలో ఇంత పెద్ద కావ్యం వెలిసింది. అదే వజ్‌హీ 1635లో ‘సబ్ రస్’ అనే గద్యగ్రంథం కూడా రాశాడు. మన ఇంటి భాష సిగ్గుపడవలసినది కాదని, ఒకప్పుడు సుల్తాను ముందు నిలబడి మాట్లాడిన భాష అని పిల్లలకు తెలియాలి. ఊరి పేరు తగాదాలో గెలవడం కంటే ఇది వారికి ఎక్కువ పనికివస్తుంది.

కనుక ఉర్దూ చదవగలిగిన పెద్దలకు ఒక్క మనవి. ఆదివారం పూట అరగంట తీరిక చేసుకోండి. పిల్లలను కూర్చోబెట్టుకొని ఆ కథను తెలుగులో చెప్పండి. ఉతారిద్ గోడ మీద బొమ్మ వేసే ఘట్టం, గ్రహాల పేర్ల చమత్కారం వారికి తప్పక నచ్చుతాయి. ‘ఇది నిజంగా జరిగిందా?’ అని వారు అడుగుతారు. అప్పుడు ‘జరగలేదు, ఇది కవి అల్లిన కథ. భాగమతి సంగతి వేరు, దాని మీద పెద్దల్లో రెండు అభిప్రాయాలు ఉన్నాయి’ అని చెప్పండి. రెండు అభిప్రాయాలూ చెప్పండి. ఏ పక్షం దగ్గర ఏ రుజువు ఉందో, ఏది లేదో చెప్పండి. ఇలా పెరిగిన పిల్లవాడు రేపు ఏ సభలో ఎవరు ఏ కథను ఎత్తి చూపినా ఉద్రేకపడడు, మోసపోడు. ‘ఎవరు చెప్పారు? అక్కడ ఉన్నారా?’ అని అడుగుతాడు.